పదిహేడో సీటు పెట్టె

ఆ మంగళవారం ఉదయం టపా మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఆఫీసు చేరాలి. పదింటికి మెయిల్ తెరిచి బదిలీ ఆర్డరు చదువుకోవాలి. పదీ అయిదుకు సమ్మతమేనని జవాబు పంపాలి. పదీ పదికి భార్యకు ఫోన్ చేయాలి. ఆ పైన లోకం ఎటు పోయినా ఆయనకు పట్టింపు లేదు. సొరుగులో సామాన్లు సర్దుకోవడానికి ఒక ఖాళీ సంచి కూడా మడిచి చంకలో పెట్టుకుని మరీ వచ్చారు.

టపా మాస్టారంటే పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారు కాదు. పట్టణమంతటికీ నీటి గొట్టాలు వేయించే ఒక పెద్ద ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసుకునే ఉద్యోగి. మూడో అంతస్తు చివర కిటికీ లేని గదిలో, ఎప్పుడూ హోరుమంటూ ఉండే లినక్స్ సర్వర్ పక్కన, ఏసీ చలికి మెడకు మఫ్లర్ చుట్టుకుని పందొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నారు. ఉత్తరాలు సవ్యంగా అందినన్నాళ్ళూ ఆయన ఒకరున్నారని ఎవరికీ గుర్తుండదు. అందని రోజున మాత్రం ఆఫీసులో ఆయన తప్ప మరో మనిషే లేనట్టు అందరూ ఆయన మీద పడతారు. అంత గొప్ప ఉద్యోగం.

ఆయన భార్య ఒక ఆస్పత్రిలో ఫార్మసిస్టు. ఆ ఆస్పత్రి రైల్లో పద్నాలుగు గంటల దూరంలో ఉంది. ఆరేళ్ళ క్రితం ఆమెకు అక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు, "ఏడాది తిరిగేలోపు నేనూ వచ్చేస్తా" అని మాస్టారు మాటిచ్చారు. అప్పుడు కూతురు మూడో తరగతి. ఇప్పుడు తొమ్మిది. ఆ ఊళ్ళో ఉన్న దక్షిణ శాఖలో మెయిల్ సీటు ఖాళీ కావడానికి అన్నేళ్ళూ పట్టింది. ఈలోపు మాస్టారు ఒక అద్దె గదిలో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దిండుతో బతికారు. ఎవరైనా గదికొస్తే రెండో గ్లాసు లేదని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఎవర్నీ పిలవడం మానేశారు.

ఆఫీసు మెట్లెక్కుతుండగానే ఫోన్ మోగింది.

"ఏమండీ, వచ్చిందా?" అంది భార్య.

"ఇంకా మెయిల్ తెరవలేదు. నిన్న సంతకమైందని విన్నాను. వచ్చే ఉంటుంది."

"మనం అద్దెకు అడిగిన ఇంటాయన సాయంత్రం లోపు ఏ సంగతో చెప్పమన్నాడు. రెండు గదులూ, ఒక బాల్కనీ. మీ కూతురు బాల్కనీలో మీ కుర్చీ ఎక్కడ వేయాలో అప్పుడే చూసి పెట్టుకుంది."

"వచ్చేస్తుంది. ఇంక ఎవరు ఆపుతారు?" అన్నారు మాస్టారు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు సాయంత్రం దొరికింది.

ఆ ఆఫీసుకు ఒక పద్ధతి ఉంది. అక్కడ మెయిల్ మనుషులకు ఉండదు, సీట్లకు ఉంటుంది. ఒకరు రిటైరైతే కుర్చీ, బీరువా తాళాలతో పాటు మెయిల్ పెట్టెను కూడా తర్వాత వచ్చేవారికి అప్పగిస్తారు. ఉత్తరాల్లో పేర్లు రాయరు. మనుషులు వస్తారు పోతారు, సీటు మాత్రం ఉంటుందని ఎప్పటి పెద్ద సారో అన్నారట. అందుకని ప్రతి ఆర్డరూ 'ఈ సీటులో పనిచేయుచున్న వారికి' అనే మొదలవుతుంది. ఎవరు లాగిన్ అయితే ఏ సీటు పెట్టె తెరుచుకోవాలో, ఉద్యోగుల నియామకాలూ బదిలీలూ చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ మేడం దగ్గరుండే సీట్ల రిజిస్టరు చెబుతుంది. ఆ రిజిస్టరు చూసి సర్వర్లో పర్మిషన్లు పంచడం మాస్టారి పని. పెద్ద సారుది ఒకటో సీటు. మాస్టారిది పదిహేడు. లిఫ్టు ఆపరేటరుకు కూడా ఒక సీటుంది, ఒక పెట్టె ఉంది. లిఫ్టు మీద వచ్చే ఫిర్యాదులన్నీ అందులో పడుతుంటాయి.

ఈ పద్ధతికి మాస్టారు తన వంతుగా ఒక నియమం కూడా చేర్చారు. నాలుగేళ్ళ క్రితం ఒక టైపిస్టు "ఆ మెయిల్ నేను పంపలేదండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, మాస్టారు సర్వర్ లాగ్ తీసి, ఆ ఉత్తరం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఎవరి పెట్టెలోంచి వెళ్ళిందో అందరి ముందూ చదివి వినిపించారు. "సర్వర్ అబద్ధమాడదమ్మా" అన్నారు. ఆ ఊపులోనే ఒక సర్క్యులర్ రాసి పెద్ద సారు చేత సంతకం పెట్టించారు. 'ఏ పెట్టె నుంచి వెళ్ళిన ఉత్తరమైనా ఆ సీటు మాటగానే పరిగణించబడును. నేను పంపలేదు అను వాదన చెల్లదు.' ఆ కాగితం ఇప్పటికీ ఆయన కుర్చీ వెనక గోడకు అంటించి ఉంది. ఆ టైపిస్టు నాటి నుంచి నేటి దాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మాస్టారు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు కూడా.

పదింటికి ఆయన పెట్టె తెరిచారు. కొత్తగా ఏమీ లేదు. శనివారం వచ్చిన ఉత్తరమే అన్నిటికన్నా పైన ఉంది. మళ్ళీ తెరిచారు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి తెరిచారు. ఇంతలో బల్ల మీద ఫోన్ మోగింది.

"మాస్టారూ, హెడ్డాఫీసు వాళ్ళు నిన్న పంపిన ఉత్తరం నాకు రాలేదంటే నమ్మడం లేదు" అన్నారు పెద్ద సారు. "నేను దాచుకుని రాలేదంటున్నానట. మీరైనా నమ్ముతారా?"

"ఇప్పుడే చూస్తాను సార్."

సర్వర్ తెరిచి చూడగానే తన తప్పే కనిపించింది. ఆదివారం ఆయన ఉత్తరాలన్నిటినీ పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు మార్చారు. మార్చేటప్పుడు సర్వర్ మీద సర్వాధికారాలూ ఉండే రూట్ పేరుతో లాగిన్ అయి, ఎవరి పర్మిషన్లు వాళ్ళకుంచమనే చిన్న ముక్క కమాండులో రాయడం మర్చిపోయారు. దాంతో ఇల్లు మారినప్పుడు సామాను మోసినవాడే గది గదికీ తన తాళం వేసుకుపోయినట్టు అయింది. పెట్టెలన్నీ ఉన్నాయి, పాత ఉత్తరాలన్నీ ఉన్నాయి, చదువుకోవడానికి కూడా అడ్డులేదు. కొత్త ఉత్తరం లోపల వేయడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు.

అంటే సోమవారమంతా ఆఫీసులో ఒక్కరికి కూడా ఒక్క ఉత్తరం అందలేదు. ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేయలేదు. స్టోర్ కీపరైతే మధ్యాహ్నం కారిడార్లో ఎదురుపడి, "ఇంత మంచి సోమవారం నా సర్వీసులో చూడలేదు మాస్టారూ" అని చెప్పి వెళ్ళాడు. మాస్టారు అదంతా కొత్త డిస్కు మహిమ అనుకుని కాస్త గర్వపడ్డారు కూడా.

రెండు వేల మూడు వందల ఉత్తరాలు సర్వర్లో వరసకట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ వెళ్ళి తన పెట్టె తలుపు తట్టడం, పర్మిషన్ లేదనిపించుకోవడం, వెనక్కొచ్చి మళ్ళీ వరసలో నిలబడటం. తన ఆర్డరు కూడా ఆ వరసలోనే ఎక్కడో నిలబడి ఉంటుందని తట్టగానే మాస్టారి చేతులకు తొందర వచ్చింది. పందొమ్మిదేళ్ళలో ఆయన చేతులకు తొందర రావడం అదే మొదటిసారి.

సరిచేయడం కష్టమేమీ కాదు. సీట్ల రిజిస్టరు ఇస్తే అందులో ఉన్నట్టు ఎవరి పెట్టె వాళ్ళకు అప్పగించే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, ఒకటి ఆయనే ఎప్పుడో రాసి పెట్టుకున్నారు. నాలుగో అంతస్తుకు పరుగెత్తారు.

"సరిగ్గా సమయానికొచ్చారు" అన్నారు ఎస్టాబ్లిష్‌మెంట్ మేడం. ఆవిడ చాలా మంచి మనిషి, చాలా శుభ్రమైన మనిషి. బల్ల మీద పెన్సిళ్ళు కూడా పొడవును బట్టి వరసగా ఉంటాయి. "వచ్చేవారం ఇన్‌స్పెక్షన్ కదా అని రిజిస్టరు కొత్తగా తయారుచేశాను. ఇన్నాళ్ళూ పేర్లు అడ్డదిడ్డంగా ఉండేవి. అక్షర క్రమంలో పెట్టాను. చూడండి, ఎంత ముచ్చటగా ఉందో."

"పెన్ డ్రైవ్‌లో వేసివ్వండి మేడం. చాలా అర్జెంటు."

రిజిస్టరు నిజంగానే ముచ్చటగా ఉంది. సీటు నంబర్లు ఎప్పటిలాగే ఒకటి నుంచి నూట నలభై మూడు దాకా వరసగా ఉన్నాయి. పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి. మేడం పేర్ల నిలువు వరసను ఒక్కదాన్నే సర్దారు, నంబర్లను వాటి చోటనే ఉంచేశారు. ఏ పేరు పక్కన ఏ నంబరు పడిందో చూడటానికి అర నిమిషం పడుతుంది. మాస్టారు ఆ అర నిమిషాన్ని ఆదా చేసుకున్నారు.

పదీ యాభైకి స్క్రిప్టు నడిచింది. పెట్టెల తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. మొదటి అంతస్తు నుంచి నాలుగో అంతస్తు దాకా ప్రతి బల్ల మీదా టింగు టింగుమని మోత. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత తన పెట్టె తెరిచారు. పైనున్న ఉత్తరంలో 'రెండు లోడ్ల ఎరువు వెనక గేటు దగ్గర దింపించాము, చూసుకోగలరు' అని ఉంది. దాని కింద గులాబీ అంట్ల గురించి మూడు ఉత్తరాలున్నాయి. అది తోటమాలి సీటు పెట్టె.

విషయం బుర్రకెక్కేలోపే ఫోన్ మోగింది.

"మాస్టారూ, నా పెట్టెలో నలభై లిఫ్టు ఫిర్యాదులున్నాయి" అన్నారు పెద్ద సారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆయన గొంతు నెమ్మదిగా ఉందంటే కోపం నెత్తికెక్కిందని ఆఫీసులో అందరికీ తెలుసు. "అందులో ఒకటి నేను రాసిందే. నా పెట్టె ఎక్కడుంది?"

"ఒక్క పది నిమిషాలు సార్."

"నేనే కిందికొస్తున్నాను. మేడంని కూడా తీసుకొస్తున్నాను."

నాలుగో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు ఇరవై రెండు మెట్లు. పెద్ద సారు హోదాకు మెట్లు సరిపడవు కాబట్టి ఇద్దరూ లిఫ్టెక్కారు. లిఫ్టు సగం దూరం వచ్చి, చిన్న మూలుగు మూలిగి ఆగిపోయింది.

గుద్దుళ్ళ శబ్దానికి మాస్టారు బయటికొచ్చి లిఫ్టు తలుపుకు చెవి ఆనించారు.

"ఎవరది, మాస్టారేనా?" మేడం గొంతు పైనుంచి వినిపించింది. "మీకు నిన్న నాలుగింటికి ఆర్డరు పంపాను. చూసుకున్నారా?"

"లేదు మేడం. నా పెట్టె ఎవరికో వెళ్ళిపోయింది."

"అయ్యో. ఇవాళ అయిదింటిలోపు జవాబు రావాలండీ. మొదటి జవాబే ఆఖరి జవాబు. వద్దంటే ఇంక మూడేళ్ళ దాకా అడగడానికి లేదు. అశ్రద్ధ చేయకండి."

"ఈ ముచ్చట్లు తర్వాత. ముందు నన్ను బయటికి తియ్యండి" అన్నారు పెద్ద సారు.

"మేడం, రిజిస్టరు లేకుండా ఒక్క పెట్టె కూడా చేత్తో మార్చకూడదని నియమం. పాత రిజిస్టరు కావాలి. అదుంటే పావుగంటలో అన్నీ సరిచేస్తాను."

"నా బీరువాలో ఉందండీ. తాళంచెవి నా దగ్గరే ఉంది."

తలుపు సందులోంచి మాటలు తప్ప తాళంచెవి వచ్చే దారి లేదు. లిఫ్టు స్విచ్ కింద ఉందని మాస్టారు మెట్ల మీద నుంచి ఒక్కో అంతస్తూ దూకినట్టే దిగారు. దారిలో ప్రతి అంతస్తులోనూ ఎవరో ఒకరు పక్కవాడి పెట్టెను ఒళ్ళు మరిచిపోయి చదువుతూ కనిపించారు. సోమవారం ఒక్క ఉత్తరం రాకపోతే గమనించని మనుషులు ఇవాళ ఒక్క వాక్యం వదలడం లేదు. రెండో అంతస్తులో అప్పటికే ఇద్దరు స్నేహితులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

కింద మెయిన్ స్విచ్ పక్కన స్టూలు మీద లిఫ్టు ఆపరేటరు కూర్చున్నాడు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు, ఇంకో పదకొండు నెలల్లో రిటైర్మెంటు. చేతిలో ఫోనుంది. స్విచ్ కిందికి దించి ఉంది.

"అన్నా, స్విచ్ వెయ్యి. లోపల పెద్ద సారున్నారు."

"ఉన్నారా?" అన్నాడు ఆపరేటరు తాపీగా. "నాకు తెలీదు మాస్టారూ. తెలిస్తే ఇంకాస్త ముందే ఆపేవాణ్ణి."

ఫోను మాస్టారి మొహానికి ఎదురుగా పెట్టాడు. అది ఒకటో సీటు పెట్టె. శనివారం పెద్ద సారు హెడ్డాఫీసుకు రాసిన ఉత్తరం తెరిచి ఉంది. లిఫ్టుకు బొత్తాలున్నాయి గనుక లిఫ్టు ఆపరేటరు సీటు అనవసరమనీ, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రద్దు చేయవచ్చుననీ అందులో ఉంది.

"ముప్పై ఒక్కేళ్ళు పైకీ కిందికీ తిరిగాను. ఇంకో పదకొండు నెలలాగితే నిండు పెన్షన్‌తో దిగిపోయేవాణ్ణి. వీళ్ళకిప్పుడు కనపడ్డాయా బొత్తాలు? నా సీటే లేనప్పుడు లిఫ్టెందుకు మాస్టారూ?"

మాస్టారికి జాలేసింది. గోడ గడియారం వంక చూస్తే ఇంకా ఎక్కువ జాలేసింది, కాకపోతే ఈసారి తన మీద. పదకొండూ ఇరవై అయింది.

"ఇప్పుడేం చేద్దామంటావు?"

"ఈ పెట్టెలోంచే హెడ్డాఫీసుకు ఒక ముక్క రాస్తాను, రద్దు వద్దని. ఆ తర్వాత స్విచ్ వేస్తాను. కానీ ఆఫీసు భాష నాకు రాదు. అందాకా వచ్చి ఆగిపోయాను. మీరు చెప్పండి, నేను కొడతాను."

ఇది తప్పని మాస్టారికి తెలుసు. సర్క్యులర్ రాసిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ స్విచ్ పడితే లిఫ్టు కదులుతుంది, లిఫ్టు కదిలితే తాళంచెవి వస్తుంది, తాళంచెవి వస్తే ఆర్డరు దొరుకుతుంది. బాల్కనీలో కుర్చీ ఒకటి ఆయన కళ్ళ ముందు కదలాడింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"రాసుకో. 'పునఃపరిశీలన మీదట పై ప్రతిపాదనను ఉపసంహరించడమైనది. సదరు సీటు యథాతథంగా కొనసాగవలెను.'"

"సదరు అంటే ఎవరు మాస్టారూ?"

"నువ్వే. త్వరగా కొట్టు."

ఆపరేటరుకు అక్షరాలు వెతుక్కుంటూ కొట్టడానికి పావుగంట పట్టింది. 'పునఃపరిశీలన' దగ్గరే అయిదు నిమిషాలు పోయాయి. పంపేశాక చొక్కా సర్దుకుని, లేచి నిలబడి, స్విచ్ వేశాడు.

లిఫ్టులోంచి పెద్ద సారు చెమటతో తడిసి బయటికొచ్చారు. మాస్టారిని తిట్టడానికి ఓపిక మిగల్లేదు. మేడం బీరువా తెరిచారు. పాత రిజిస్టరు దొరికింది. ఈసారి మాస్టారు ప్రతి వరసనూ వేలు పెట్టి చదివారు. పన్నెండుంపావుకు ఎవరి పెట్టె వాళ్ళకు చేరింది.

ఆయన పదిహేడో సీటు పెట్టె తెరిచారు. ఆర్డరు అక్కడే ఉంది. 'ఈ సీటులో పనిచేయుచున్న వారిని దక్షిణ శాఖకు బదిలీ చేయడమైనది.' మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివారు. సమ్మతమేనని రాసి పంపారు. భార్యకు ఫోన్ చేశారు.

"వచ్చిందే" అన్నారు.

"నిజంగానా అండీ?"

"జవాబు కూడా పంపేశాను."

"అయితే ఇంటాయనకు చెప్పేస్తున్నా. తర్వాత మాట మారిస్తే బాగోదు."

"చెప్పెయ్" అన్నారు మాస్టారు.

ఖాళీ సంచి విప్పి టీ కప్పు, స్క్రూడ్రైవర్ల డబ్బా, కూతురు మూడో తరగతిలో ఉన్నప్పటి ఫోటో అందులో పెట్టుకున్నారు. అప్పుడే స్టోర్ కీపరు రెండు కాఫీలు పట్టుకుని లోపలికొచ్చాడు. అమాయకుడు. ఆఫీసులో మాస్టారిని పనిలేకుండా పలకరించే మనిషి అతనొక్కడే.

"ఇవాళ చచ్చి బతికాను మాస్టారూ" అన్నాడు కూర్చుంటూ. "పొద్దున పెట్టె తెరిస్తే ఏముందనుకున్నారు? దక్షిణ శాఖకు బదిలీ. నాకు. అడగలేదు, పెట్టలేదు. మా అమ్మకు వచ్చేవారం కంటి ఆపరేషను. మా ఆవిడ వింటే పడిపోతుంది. కాళ్ళూ చేతులూ ఆడలేదనుకోండి."

మాస్టారు కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశారు. "అయితే?"

"అయితే ఏముంది, కింద రాసుంది కదా, ఇష్టం లేకపోతే చెప్పమని. వెంటనే రాసేశాను. 'ఈ సీటువారికి బదిలీ ఎంతమాత్రం సమ్మతం కాదు, దయచేసి ఇక్కడి నుంచి కదిలించవద్దు' అని. ఎంత బాగా రాశానో, నాకే ఏడుపొచ్చింది. ఇప్పుడు చూస్తే ఆ ఆర్డరే నా పెట్టెలో లేదు. చూశారా, వెంటనే మన్నించి తీసేసినట్టున్నారు."

మాస్టారు తన పెట్టెలో పంపిన ఉత్తరాలు తెరిచారు. పదకొండూ నాలుగు నిమిషాలకు ఆ ఉత్తరం ఉంది. నిజంగానే బాగా రాశాడు. ముచ్చటైన రిజిస్టరులో స్టోర్ కీపరు పేరు పదిహేడో వరసలో వచ్చి కూర్చుంది.

"మీకేమైనా ఒంట్లో బాగోలేదా మాస్టారూ?" అన్నాడు స్టోర్ కీపరు.

ఎస్టాబ్లిష్‌మెంట్ మేడం ఫోన్ చేసేదాకా మాస్టారు ఆగలేదు. ఆయనే పైకి వెళ్ళారు. ఆవిడ అంతా విని నిజంగా బాధపడ్డారు. "రెండు జవాబులొచ్చాయేమిటా అని నేనూ అనుకున్నానండీ. కానీ మొదటిదే లెక్క. పైగా మీ సర్క్యులరొకటి ఉంది కదా, ఏ పెట్టెలోంచి వెళ్తే ఆ సీటు మాటేనని." కాసేపు ఆలోచించి, "ఒక దారుంది" అన్నారు. "ఇవాళ పదీ యాభై నుంచి పన్నెండుంపావు దాకా పెట్టెలు తారుమారయ్యాయి, ఆ సమయంలో వెళ్ళిన ఉత్తరాలేవీ చెల్లవు అని పెద్ద సారు ఒక్క సంతకం పెడితే చాలు. మీ పని అయిపోతుంది."

ఇద్దరూ పెద్ద సారు గదికి వెళ్ళారు. మాస్టారు అనుకున్నట్టు ఆయన కోపంగా లేరు. పైగా ప్రసన్నంగా ఉన్నారు. హెడ్డాఫీసు నుంచి ఛైర్మన్ రాసిన ఉత్తరం ఆయన ముందుంది.

"కూర్చోండి. ఛైర్మన్ గారు స్వయంగా రాశారు" అంటూ చదివారు. "'రిటైర్మెంటుకు దగ్గరపడిన చిన్న ఉద్యోగి విషయంలో మీరు చూపిన మానవత్వం మా మనసును కదిలించింది. వచ్చే సమావేశంలో మీ నిర్ణయాన్ని మిగతా శాఖలకు ఆదర్శంగా చూపదలచాము.'" కాగితం కింద పెట్టారు. "నేను ఏ నిర్ణయం తీసుకున్నానో వెతుక్కుని చూసుకోవాల్సొచ్చింది. పదకొండూ ముప్పై అయిదుకు తీసుకున్నానట. అప్పుడు నేను లిఫ్టులో ఉన్నాను."

మేడం విషయం చెప్పారు. పెద్ద సారు చివరిదాకా విన్నారు.

"అంటే గంటన్నర సేపు నా పెట్టె లిఫ్టు ఆపరేటరు దగ్గరుంది. వాడి పెట్టె నా దగ్గరుంది. అదేగా?"

"అవును సార్" అన్నారు మాస్టారు.

"ఆ మాట నేను సంతకం పెట్టి ఛైర్మన్ గారికి పంపాలి. ఆయన మనసు కదిలించింది నేను కాదండీ, లిఫ్టు ఆపరేటరు అని."

పెద్ద సారు కళ్ళద్దాల పైనుంచి మాస్టారి వంక చూశారు.

"అది కూడా నాకు అనుమానమే. పునఃపరిశీలన, సదరు, యథాతథం. ఇది వాడి భాష కాదు. ఎవరో బాగా చదువుకున్నవాళ్ళు పక్కన కూర్చుని చెప్పి రాయించారు. విచారణ వేస్తే ఎవరో తేలిపోతుంది. వేయమంటారా?"

విచారణ వేస్తే ఆపరేటరు రేపే ఇంటికి పోతాడు, వాడి వెనకే తనూ పోతాడు. వేయకపోతే వాడు ఉంటాడు, తనూ ఉంటాడు. ఎటు తిరిగినా రైలెక్కే దారి మాత్రం లేదు. మనసులో స్టోర్ కీపర్ని తిట్టుకుందామనుకున్నారు. ఆ మనిషి మొహం గుర్తొచ్చి తిట్టలేకపోయారు. మేడంని తిట్టుకుందామంటే ఆవిడ పక్కనే కళ్ళు తుడుచుకుంటున్నారు. చివరికి ఆ తిట్లన్నీ తనకే పెట్టుకున్నారు.

"వద్దు సార్" అన్నారు.

"మంచి మాట. ఇవాళ ఏమీ జరగలేదు. ఆ సంగతే ఒక కాగితం మీద ఉండాలి, ఇన్‌స్పెక్షన్ కదా. మెయిల్ సీటువారు ధ్రువీకరించాలి, అంటే మీరే."

కాగితం టైపు చేయడానికి వచ్చింది నాలుగేళ్ళుగా మాస్టారితో మాట్లాడని ఆ టైపిస్టే. 'మంగళవారం నాడు మెయిల్ వ్యవస్థలో ఏ అంతరాయమూ కలగలేదనియు, ప్రతి ఉత్తరమూ ఆయా సీట్ల నుంచే వెళ్ళినదనియు, సర్వర్ లాగ్ ఆధారంగా ధ్రువీకరించడమైనది.' ఒక్క తప్పు లేకుండా కొట్టి, మాస్టారి ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చింది.

"సంతకం ఇక్కడండీ" అంది మర్యాదగా.

మాస్టారు సంతకం పెట్టారు. ఆనాడు ఆ మెయిల్ తను పంపలేదని ఈ పిల్ల నిజమే చెప్పిందేమోనని ఆయనకు మొదటిసారి అనిపించింది. అడుగుదామని తలెత్తేసరికి ఆమె కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

అయిదింటికి భార్య ఫోన్ చేసింది. "ఇంటాయన సరేనని తాళాలు కూడా ఇచ్చేశాడండీ. మీ కూతురు బడి నుంచి రాగానే కుర్చీ తుడిచి బాల్కనీలో వేసింది. ఏ రైలుకు వస్తున్నారు?"

"రావడం లేదు" అన్నారు మాస్టారు. "బదిలీ వద్దని రాశారు."

"ఎవరు రాశారు?"

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు. ఆదివారం నుంచి మొదలుపెట్టాలా, రిజిస్టరు నుంచా, లిఫ్టు నుంచా? వెనక గోడ మీద సర్క్యులర్ ఉంది. సంతకం పెట్టిన కాగితం నకలు బల్ల మీద ఉంది. రెండింటి ప్రకారం జవాబు ఒక్కటే.

"నేనే" అన్నారు. "సర్వర్లో ఉంది."

"ఈ ఆరేళ్ళలో మీరు చెప్పిన వాటన్నిట్లో నమ్మడానికి తేలిగ్గా ఉన్నది ఇదొక్కటేనండీ" అంది భార్య. "కుర్చీ సంగతి మీ కూతురికి మీరే చెప్పుకోండి." ఫోన్ పెట్టేసింది.

మాస్టారు సంచిలోంచి టీ కప్పు, స్క్రూడ్రైవర్ల డబ్బా, ఫోటో తీసి ఎక్కడివక్కడ సర్దారు. సంచిని మడిచి సొరుగులో అడుగున పెట్టారు. మూడేళ్ళు దాని అవసరం లేదు. మఫ్లర్ చుట్టుకుని కంప్యూటరు ఆపబోతుంటే టింగుమంది. పెద్ద సారు సంతకంతో ప్రశంసాపత్రం. 'ఈ సీటులో పనిచేయుచున్న వారికి: ఒక్క ఉత్తరము కూడా తప్పిపోకుండా వ్యవస్థను నడుపుచున్నందులకు అభినందనలు. తమ సేవలు ఈ ఆఫీసుకు ఎంతో అవసరము.'

అలవాటు కొద్దీ మాస్టారు లాగ్ తెరిచి చూశారు. ఆ ఉత్తరం ఎక్కడా ఆగకుండా రెండు సెకన్లలో పదిహేడో సీటుకు చేరింది.